చుక్కలు పెట్టిన మాట

నాచారం,
12-10-2011

చిరంజీవి మనస్వినిని అమ్మ ఆశీర్వదించి రాసేది. ఉభయకుశలోపరి.

మా అమ్మమ్మ కాలం నుంచి ఈ మాటతోనే ఉత్తరం మొదలుపెడుతున్నాం గానీ, ఉభయం అంటే ఇద్దరని ఇవాళే పెన్ను ఆపి ఆలోచించాను. ఇక్కడ ఇద్దరం, నేనూ నాన్నగారూ, బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు బాగున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. ఆర్టీసీ బస్సులు ఆగినా, బళ్లు మూసినా, మన పోస్టుమాన్ మాత్రం సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఇచ్చి వెళ్లాడు. నాలుగు పేజీల్లో ఏడు అక్షరదోషాలు. ‘సందేహం’లో దకి వత్తు ఎందుకే? పరిశోధన చేస్తున్న పిల్లవి, అమ్మ ప్రూఫ్‌రీడరు, ఎవరైనా చూస్తే నవ్విపోతారు. దిద్ది తిప్పి పంపుదామని ఎర్రపెన్ను తీశాను కూడా. ఆఖరి పేజీ చదివాక మూత పెట్టేశాను.

ఆఖరి పేజీలో నువ్వు రాసింది నాకు నోటికి వచ్చేసింది. “నా ప్రశ్నలకి జవాబులు రాస్తే చాలు. వస్తే ఇద్దరం వస్తాం, లేకపోతే ఎవరం రాం. మళ్లీ వానల గురించీ నాన్న బీపీ గురించీ రాసి పంపితే ఇక నీకు ఉత్తరం రాయను.” నువ్వు అన్నంత పనీ చేసేదానివి. చిన్నప్పుడు కాకరకాయ తిననని అన్నావు, ఈ రోజుకీ తినలేదు. అందుకే పదిహేను రోజులూ భయంతోనే ఉన్నాను. రోజూ కాగితం తీయడం, ‘చిరంజీవి’ దాకా రాయడం, లోపల పెట్టేయడం.

బీపీ గురించి ఒక్క వాక్యం రాయనివ్వు. మందులు వేసుకుంటున్నారు. అయిపోయింది.

తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మె సంగతి నీకు టీవీలో తెలుస్తూనే ఉంటుంది. బొగ్గు గనులవాళ్లు కూడా దిగడంతో కరెంటు గంటల తరబడి పోతోంది. మన వీధికి సరిగ్గా పన్నెండింటికి పోతుంది. ఫ్యాను ఆగుతుంది, పక్కింటి టీవీ ఆగుతుంది, వెనక షెడ్డులో మోటారు ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం దయ్యాల వేళ అని మీ నాయనమ్మ అనేది, నేను నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వడం లేదు. ఆ నిశ్శబ్దంలో నా భుజం వెనక ఎవరో కూచుని ఒక వాక్యం సగం చదివి, “కామా” అని ఆగుతారు. స్పష్టంగా వినిపిస్తుంది మనూ. మిగతా సగం కోసం చూస్తాను. అది రాదు. వెనక్కి తిరిగితే దండెం మీద నాన్నగారి లుంగీ తప్ప ఏమీ ఉండదు.

దీపావళికి నువ్వు రా. (ఇక్కడ ఒక మాట రాసి కొట్టేశాను. సిరా అలుక్కుంది, ఏమీ అనుకోకు.)

ఇక నీ ప్రశ్నలు. నాలుగు అడిగావు. నాలుగింటికీ జవాబు ఒకటేనని నీకు తెలియదు. కోఠీ ఫుట్‌పాత్ మీద నీకు దొరికిన ఆ ‘మధుమాలతి’ వారపత్రిక బైండు, 1986 నాటిది, నేను పనిచేసిన పత్రికే. అందులో ‘పిలిస్తేనే వస్తాను’ అనే సీరియల్ అనువదించిన ‘అ.ఛాయ’ ఎవరని మొదటి ప్రశ్న. పదకొండు వారాలు స్త్రీగా ఉన్న రక్తపిశాచి పన్నెండో వారంలో మగవాడెందుకు అయ్యాడని రెండోది. ఆ వారంలోనే ‘అతడు మందాకిని జడ విప్పి మెల్లగా నవ్వింది’ అని ఉంది, అచ్చుతప్పా అని మూడోది. నాలుగోది ఆ బైండులోది కాదు. ఉగాది నాడు సుష్మని గుమ్మంలో నిలబెట్టి రేపు రమ్మని ఎందుకన్నావు అని.

‘అ’ అంటే అనంతలక్ష్మి. ఛాయ అంటే ఛాయాదేవి. అ.ఛాయ ఒకరు కాదు, ఇద్దరం.

ఇన్నేళ్లలో నీకు ఆ పేరు చెప్పలేదు. ఛాయ ఉప్పల్ అమ్మాయి. వాళ్లన్న కొమురెల్లికి చౌరస్తా దగ్గర సైకిల్ షాపు ఉండేది. బీఏ ఇంగ్లీషు చదివి, పాత కాగితాల కొట్లో దొరికిన అట్టలేని పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. మొదటి పేజీలు ఊడిపోయాయి కాబట్టి దాని పేరేమిటో, ఎవరు రాశారో మాకు చివరిదాకా తెలియలేదు. మంచుదేశంలో ఉప్పు వర్తకుడి కూతురు, ఆ ఇంటి గుమ్మం బయట రోజూ సాయంత్రం వచ్చి నిలబడే ఒక స్త్రీ. లోపలివాళ్లు నోరారా పిలిస్తే గాని ఆమె గడప దాటలేదు. దాటితే ఆ పిల్ల రక్తం తాగుతుంది. మా ఎడిటర్ అచ్యుతరావు గారు వినగానే ఒప్పుకున్నారు. “పిశాచికి నీడ ఉండదంటారు, దాన్ని అనువాదం చేసేది ఛాయాదేవి, భలే కుదిరింది” అని తన హాస్యానికి తనే నవ్వుకున్నారు. ఛాయకి ఇంగ్లీషు బాగా వచ్చు, పత్రిక తెలుగు నాకు వచ్చు. ఇద్దరినీ కలిసి చెయ్యమన్నారు.

మా ప్రెస్సు నాచారం షెడ్లలోనే ఉండేది. పై గదిలో ప్రూఫులు దిద్దేవాళ్లం. నీకు కంప్యూటర్లు తెలుసు గానీ మా పద్ధతి తెలియదు. ఒకరు రాతప్రతి (కాపీ అంటాం) పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫులో చూసుకుంటూ దిద్దాలి. కామా ఉంటే కామా అని, ఫుల్‌స్టాప్ ఉంటే ఫుల్‌స్టాప్ అని గొంతెత్తి చదవాలి. ఛాయ చదివేది, నేను దిద్దేదాన్ని. మాట్లాడితే ఉప్పల్ భాష, చదివితే పుస్తకం భాష.

“నువ్వు పిలిస్తేనే వస్తాను కామా పిలవకపోతే ఈ గుమ్మం అవతలే తెల్లారిపోతాను ఫుల్‌స్టాప్.”

కాగితం వైపు చూడకుండా నా వైపు చూసి చదివేది. కింద మిషను చప్పుడు, పక్క బల్ల దగ్గర గోపాలరావు గారు పంచాంగం ప్రూఫులు దిద్దుకుంటూ. ఆయన ఒక్కసారి కూడా తలెత్తలేదు. ఎందుకెత్తుతారు? మేం పని చేసుకుంటున్నాం. ‘నిన్ను చూడని రోజు నా ఒంట్లో రక్తం లేదు ఆశ్చర్యార్థకం’ అని ఒక ఆడపిల్ల ఇంకొక ఆడపిల్లతో పదిమందిలో పైకి అనగలిగిన చోటు ఈ భూమ్మీద అదొక్కటే అనుకుంటాను.

నీ పరిశోధనలో రాశావు చూడు, పాత కథల్లో రక్తం ఒక తెర, తెర వెనక ఉన్నది ప్రేమ అని. నీకది తెలుసుకోవడానికి ఇన్ని పుస్తకాలు పట్టాయి. మాకు రెండు వారాలు పట్టింది. నా వేళ్లకి ఎర్రసిరా అంటితే తన కొంగుతో తుడిచేది. “జర సూడు అనంతా, ఇద్దర్ల పిశాచి ఎవరో నీ చేతులే చెప్తున్నయ్” అనేది. ఆ కొంగుకి మరకలు పోయేవి కావు. అవి ఉన్న చీరే మళ్లీ మళ్లీ కట్టుకొచ్చేది.

నీ బీరువాలో వదిలేసి వెళ్లిన కొత్త రక్తపిశాచి నవల కూడా చదివాను. ఇంగ్లీషు కదా, డిక్షనరీ పక్కన పెట్టుకుని, కిటికీ దగ్గర కూచుని, కరెంటు లేని మధ్యాహ్నాలన్నీ అదే పని. ఇద్దరాడవాళ్లూ అద్దె ఇంట్లో ఉంటారు. పక్కింటివాళ్లతో పోట్లాడతారు, కర్టెన్లు కొనుక్కుంటారు, ఒకళ్ల మీద ఒకళ్లు అలుగుతారు. పిశాచి గుండెల్లో దిగ్గొట్టడానికి ఎవరూ మేకులూ సుత్తులూ పట్టుకుని రారు. ఎక్కడో వస్తారు వస్తారని భయపడుతూనే చదివాను. పుస్తకం అయిపోయింది, ఎవరూ రాలేదు. చాలాసేపు ఏడ్చాను మనూ. నాన్నగారు వచ్చి ఎవరు పోయారని అడిగారు.

పదకొండో వారం దాకా మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. పిల్లకి దయ్యం పట్టిందంటే మన జనానికి అభ్యంతరం లేదు. వేపమండలుంటాయి, భూతవైద్యుడుంటాడు. పదకొండో వారంలో మందాకిని (వర్తకుడి కూతురికి మేం పెట్టిన పేరు) తలుపు తీసి, “నువ్వెవరివో నాకు తెలుసు. అయినా లోపలికి రా” అంటుంది. ఆ ఒక్క వాక్యానికి ఉత్తరాలు గంపెడు వచ్చి పడ్డాయి. అచ్యుతరావు గారు నన్ను ఒక్కదాన్నే పిలిచారు. ఛాయ చుట్టాల పెళ్లికని వరంగల్ వెళ్లింది.

“దయ్యం పిల్లని పట్టిందంటే పాఠకుడు భయపడతాడమ్మా, అది వ్యాపారం. పిల్లే దయ్యాన్ని రమ్మంటే పాఠకుడు పత్రిక ఇంటికి తేవడం మానేస్తాడు. వచ్చే వారం నుంచి వాడు మగవాడు. నువ్వే దిద్దెయ్.”

“కథంతా పాడైపోతుందండీ” అన్నాను.

ఆయన నా పొట్ట వైపు చూశారు. నువ్వు కడుపులో ఏడో నెల. “వట్టి మనిషివి కూడా కాదు. ఈ ‘అ’ అంటే నువ్వేనని మీవారికి తెలుసా?” అన్నారు, ఎంతో ఆప్యాయంగా.

నేను ప్రూఫు తీసుకుని పైకి వెళ్లి కూచున్నాను. ఇంగ్లీషులో అయితే ‘she’ ముందున్న ఒక్క అక్షరం కొట్టేస్తే ఆమె అతడైపోతుంది. తెలుగులో అలా కుదరదు. వచ్చింది, చూసింది, అంది, నవ్వింది, ఒక్కొక్క క్రియనీ పట్టుకుని కొట్టాలి. ఆ వారం నూట ముప్పై ఏడు చోట్ల కొట్టాను. లెక్క ఎందుకు గుర్తుందంటే ప్రతి కొట్టివేతకీ ఛాయ గొంతు వినిపించింది కాబట్టి. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఉద్యోగం మానేసి వచ్చేయొచ్చు, రాలేదు. దిద్దిన ప్రూఫు కింద కంపోజింగులో శాంతాబాయికి ఇచ్చి, ఇంటికొచ్చి మీ నాయనమ్మ చేసిన చలిమిడి తిన్నాను. తియ్యగా ఉందనుకున్నాను కూడా.

ఛాయ మర్నాడు నేరుగా ప్రెస్సుకి వచ్చిందట. శాంతాబాయి బల్ల మీద ఎర్రగా ఉన్న ఆ ప్రూఫు చూసింది. పెన్సిలు అడిగి తీసుకుని, నేను కొట్టేసిన ‘నవ్వింది’ కింద చుక్కలు పెట్టి వెళ్లిపోయింది. నీకు తొమ్మిదో తరగతిలోనే నేర్పాను, మరిచిపోయి ఉంటావు. కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెడితే, ఆ కొట్టివేత చెల్లదు, మాట ఉన్నది ఉన్నట్టే ఉండాలి అని అర్థం. శాంతాబాయి పద్ధతి తప్పని మనిషి, అలాగే అచ్చు పేర్చింది. నీ మూడో ప్రశ్నకి జవాబు అదే. అది అచ్చుతప్పు కాదు. ఆ సంచికలో ఒప్పు అదొక్కటే.

మిగతా వారాలు నేనొక్కదాన్నే రాశాను. పైన ‘అ.ఛాయ’ అనే పడుతూ వచ్చింది. ఆఖరి వారం పిశాచికి శాపవిమోచనం చేసి మందాకినితో పెళ్లి చేయించారు అచ్యుతరావు గారు. పిశాచి మగవాడైతే పీటల మీద కూచోబెట్టొచ్చు, ఆడదైతే మేకు దిగ్గొట్టాల్సిందే. ఈ వాక్యం కావాలంటే నీ పరిశోధనలో వాడుకో.

ఇప్పుడు మన తలుపు సంగతి. ఆ రోజుల్లో చుట్టుపక్కల బస్తీల్లో ఒక పుకారు పాకింది. తెల్లచీర కట్టుకున్న ఆడదయ్యం వచ్చి, తెలిసిన గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికితే ప్రాణం పోతుందనీ. తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాస్తే అది చదువుకుని వెనక్కి పోతుందట. మర్నాడు వచ్చి మళ్లీ చదువుకుంటుందట. కోడలు కడుపుతో ఉందని మీ నాయనమ్మ హడలిపోయి, గేటుకి మిగిలిన ఎర్రరంగుతో మన వీధి తలుపు మీద జానెడేసి అక్షరాలు రాయించింది. నువ్వు పుట్టాక రెండుసార్లు రంగు వేయించాం, నీకు గుర్తుండే ఉంటుంది, వానాకాలం వస్తే అక్షరాలు మళ్లీ పైకి తేలేవి. నువ్వు వాటి మీద వేలు పెట్టి చదవడం నేర్చుకున్నావు.

నా సీమంతం ఆ పన్నెండో వారం పత్రిక వచ్చిన ఆదివారమే. వీధంతా పిలిచాం. ఛాయని పిలవలేదు. బొట్టుపెట్టి పిలవాల్సిన వాళ్ల పేర్లు మీ నాయనమ్మ అడిగితే, ఆ పేరు నా నోట్లోంచి రాలేదు. ముఖం చూపించలేక అనుకున్నాను. అది సగమే నిజం. ఆమె గదిలోకి వస్తే నా ముఖం చూసి అందరికీ తెలిసిపోతుందని భయపడ్డాను.

మధ్యాహ్నం పన్నెండు దాటుతుంటే వచ్చింది. లోపల పాటలు పాడుతున్నారు. చేతులనిండా గాజులతో నేనే తలుపు తీశాను. గడప అవతల నిలబడి ఉంది. కొంగుకి ఎర్రమరకలున్న ఆ చీరే. చేతిలో కాగితం పొట్లం. నన్ను చూడలేదు, ముందు తలుపు చూసింది.

“‘ఓ స్త్రీ’ తర్వాత కామా లేదు గదా అనంతా” అంది. “ప్రూఫ్‌రీడర్ ఇల్లేనా ఇది?”

నవ్వబోయాను. వెనకనుంచి మీ నాయనమ్మ, “ఎవరే అమ్మాయ్, గుమ్మంలో?” అంది. పేరంటాళ్ల తలలు ఇటు తిరిగాయి.

“రేపు రా ఛాయా” అన్నాను.

నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. కళ్లెదురుగా తలుపు మీద ఉంది, అదే వచ్చింది. ఛాయ ముఖంలో నవ్వు పోయింది. చాలా మెల్లగా, “కాపీ సదువుతున్నవా?” అని అడిగింది. ఒక్క నిమిషం ఆగింది. పిలుస్తానేమోనని ఆగింది మనూ, నాకు తెలుసు. తరవాత వెళ్లిపోయింది. గేటుకి తగిలించిన పొట్లం నాన్నగారు తెచ్చి, ఏమీ అడక్కుండా నా ఒళ్లో పెట్టారు. డజను నల్ల గాజులు. చుట్టిన కాగితం, శాంతాబాయి దగ్గర అడిగి తెచ్చుకుందేమో, చుక్కలు పెట్టిన ఆ ప్రూఫే.

ఛాయ మళ్లీ ఆఫీసుకి రాలేదు. ఉప్పల్ వెళ్లి వెతకొచ్చు, మూడు మైళ్లు. నేను వెళ్లలేదు. నువ్వు పుట్టావు, ఉద్యోగం మానేశాను, తలుపులు వేసుకుని సంసారం చేశాను. మీ నాన్నగారంటే నాకు ప్రేమ లేదనుకోకు. ఉంది. కానీ ఛాయని ప్రేమించాను. యాభై రెండేళ్లకి ఈ వాక్యం మొదటిసారి రాస్తున్నాను, ఒక్క అక్షరం కూడా దిద్దాల్సిన పని లేదు.

పోయిన గురువారం మందుల కోసం ఉప్పల్ దాకా నడిచాను. ఇక్కడ ఎక్కడా దొరకలేదు. చౌరస్తాలో రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జెండాలు, డప్పులు. మన కోస్తా యాస పైకి రాకుండా నోరు మూసుకుని పక్కనుంచి తప్పుకుపోదామనుకున్నాను. “అనంతమ్మా!” అని ఎవరో కేకేశారు. తెలిసిన గొంతు పేరు పెట్టి పిలిస్తే పలకకూడదని మీ నాయనమ్మ చెప్పింది కదా.

చూస్తే శాంతాబాయి. జుట్టంతా తెల్లబడింది. పెద్ద గిన్నెలో అన్నం కలుపుతోంది.

“ఏందమ్మా, గట్ల దొంగలెక్క పోతున్నవ్? మీ ఆంధ్రోళ్లకు బువ్వ పెట్టమనుకున్నవా? రా, కూసో” అని నా చెయ్యి పట్టుకుని రోడ్డు మీదే కూచోబెట్టి, విస్తరి వేసింది. చుట్టూ ఉన్నవాళ్లతో, “మా ప్రెస్సుల పనిజేసిన చెల్లె” అంది. ఒకళ్లు కూడా ముఖం చిట్లించలేదు. ఎంత తేలిగ్గా పిలిచింది! ఛాయ ఎక్కడుందని అడిగాను. ఇరవై అయిదేళ్ల తరవాత అడిగాను.

“ఎరుక లేదా నీకు? చర్లపల్లిల బడి పంతులమ్మ జేసింది. ఒక్కతే ఉన్నది. సుగర్ బీమారితోటి దవాఖానాల పోయింది. నాలుగేండ్లాయె.”

చర్లపల్లి మనకి ఎంత దూరం? నాలుగు మైళ్లు. శాంతాబాయి చెప్తూనే ఉంది. “ఆదివారం ఆదివారం నన్ను సూడనీకి లాలాపేట్ వస్తుండె. బస్సు మీ ఇంటి ముందలకెల్లే గదా. వచ్చినప్పుడల్ల గదే మాట, ‘దర్వాజ మీద రాత ఇంకా పోలేదే శాంతా’ అని. ఓసారి నేనన్న, ‘దిగి దర్వాజ కొట్టరాదే, ఏమైతది’ అని. ‘పిల్వలే గదనే’ అన్నది.”

ఇరవై ఒక్క సంవత్సరాలు బస్సు కిటికీలోంచి మన తలుపు చదువుకుంటూ వెళ్లింది. నేను లోపల వంట చేసుకుంటున్నాను. దయ్యాలు చచ్చాక తిరుగుతాయని ఎవరన్నారో గానీ, బతికుండగానే తిప్పాను నేను ఒక మనిషిని. ఆ మధ్యాహ్నాల్లో వినిపించే “కామా” ఎవరిదో నీకు ఇప్పుడు తెలిసింది కదా. వాక్యం ఎందుకు పూర్తి కాదో కూడా.

ఇక నాలుగో ప్రశ్న. ఉగాది నాడు లోపల కామాక్షి అత్తయ్య సంబంధం కబుర్లతో కూచుని ఉంది. నేను తలుపు తీశాను. నీ పక్కన సుష్మ. చేతిలో మామిడికాయల సంచి. నువ్వు ఆమెని చూసిన చూపు చూశాను. ఆ చూపు నాకు తెలుసు, ప్రూఫు మీద తల దించుకుని ఎన్నిసార్లో దాచుకున్నాను. మీ ఇద్దరినీ చూసి నేను అసహ్యించుకున్నానని నువ్వు అనుకున్నావు. కాదు తల్లీ. నాకు కనిపించింది వేరు. గడప అవతల ఛాయ నిలబడి ఉంది, గడప ఇవతల నేను, మధ్యలో నువ్వు. వెనకనుంచి “ఎవరే వదినా?” అంది కామాక్షి. అంతే. “ఆ అమ్మాయిని రేపు రమ్మను” అన్నాను. రెండోసారి కూడా నోటికి అదే వచ్చింది. తెలిసి చేసిన తప్పు కంటే, చదివిందే మళ్లీ చదవడం ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించు. సుష్మని కూడా క్షమించమను. మామిడికాయలు గేటు దగ్గర పెట్టి వెళ్లింది పిచ్చిపిల్ల. ఒక్కటీ పారెయ్యలేదు, ఆవకాయ పెట్టాను, మీ జాడీ అలాగే ఉంది.

మొన్న నాన్నగారికి ఇదంతా చెప్పాను. ఇప్పుడు నీకు రాసినంతా చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. “ఆ గాజుల పొట్లం తీసేటప్పుడు ఆ అమ్మాయి ఇంకా వీధి చివర కనిపిస్తూనే ఉంది. నేనైనా పిలవాల్సింది” అన్నారు. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఉప్పు కాగితం కొనుక్కొచ్చి నా చేతికిచ్చారు.

పాత రంగు గీకుతుంటే కింద అక్షరాలు నాలుగు ముక్కలూ బయటపడ్డాయి, నిన్న రాసినట్టు. మొత్తం గీకేద్దామనే మొదలుపెట్టాను. చెయ్యి ఆగింది. నడుమనున్న ‘రేపు’ ఒక్కటే గీకాను, కర్ర కనిపించేదాకా. తక్కిన మూడూ ఉంచాను. ‘స్త్రీ’ తర్వాత కామా కూడా పెట్టాను. పక్కింటివాళ్లు ఆగి చదువుకుని వెళ్తున్నారు, చదువుకోనీ.

ఒక్క పని మిగిలింది. రెండో పేజీలో నేను కొట్టేసిన మాట దీపానికి పట్టుకుని చూస్తే నీకు కనిపిస్తుంది. ‘దీపావళికి మీ ఇద్దరూ రండి’ అని రాశాను. రాసి, వెంటనే ‘మీ ఇద్దరూ రండి’ కొట్టేసి, ‘నువ్వు రా’ అని దిద్దాను. అప్పటికి ఇదంతా రాయగలనని నాకే నమ్మకం లేదు. ఇప్పుడు వెనక్కి వెళ్లి, కొట్టేసిన ఆ మాటల కింద చుక్కలు పెట్టాను. దానికి అర్థమేమిటో నీకు మళ్లీ చెప్పక్కర్లేదు. సుష్మకి నువ్వే చెప్పు.

ఇట్లు,
మీ ఇద్దరి రాక కోసం తలుపు తీసి ఉంచిన
అమ్మ

కవరు మీద చిరునామా నాన్నగారు రాశారు. ఆయన దస్తూరీ కదా, మొదటి పేరు నీది, రెండో పేరు సుష్మది. అలా రాయమని నేను చెప్పలేదు.